ఆదిలాబాద్ కొండలకు పిల్లలతో వెళ్తే ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి?

హన్మకొండ నుంచి అడిగారు మీరు. దసరా తర్వాత అమ్మగారినీ ఇద్దరు పిల్లలనీ తీసుకుని మూడు రోజులు ఆదిలాబాద్ కొండల వైపు వెళ్లాలనుకుంటున్నారు. మ్యాపులో ఒకచోట సహ్యాద్రి, ఒకచోట సత్మల, ఇంకోచోట నిర్మల్ కొండలు అని ఉంది, ఇవన్నీ ఒకటేనా అన్నారు. సిర్పూర్ అని కొడితే రెండు ఊళ్లు చూపిస్తోందన్నారు. పిల్లలకు పులి కనిపిస్తుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. అవన్నీ ఒకే కొండల వరుస. దసరాకీ దీపావళికీ మధ్య వెళ్లండి, అంతకంటే మంచి కాలం లేదు. పులి మీద మాత్రం పిల్లలకు ఆశ పెట్టకండి. పులి కోసం కాకుండా నీళ్ల వెంబడి వెళ్లండి. ఆ కొండల్లో ఊళ్లయినా, జంతువులయినా, దేవుళ్లయినా నీళ్లను పట్టుకునే ఉంటాయి. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మూడు రోజుల్లో చాలా చూస్తారు.

నేను ఉట్నూర్, జైనూర్ వైపు ఆశ్రమ పాఠశాలల్లో చాలా ఏళ్లు టీచర్‌గా పని చేశాను. రిటైరయ్యాక హన్మకొండలోనే ఉంటున్నా, ఏటా తెలిసిన కుటుంబాలను తీసుకుని మళ్లీ అటే వెళ్తుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మహారాష్ట్రలో నాసిక్, అజంతా మీదుగా తూర్పుకు వచ్చే సత్మల వరుస తోకే మన ఆదిలాబాద్ కొండలు. పాత గెజిటీర్లలో 'సహ్యాద్రి పర్వతం లేదా సత్మల' అని రాశారు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పాత జిల్లా అంతటా పరుచుకుని ఉంటాయి. నిర్మల్ దగ్గర ఎక్కేవాళ్లు నిర్మల్ కొండలన్నారు, అంతే. 2016లో జిల్లా నాలుగు ముక్కలైంది కాబట్టి ఇప్పుడు అదే కొండ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో కనిపిస్తుంది. బుక్ చేసేటప్పుడు జిల్లా పేరు చూసి కంగారు పడకండి.

మనం వరంగల్ వాళ్లం అడవి అనగానే తాడ్వాయి, పాకాల గుర్తు చేసుకుంటాం. అక్కడ అడవి చాలావరకు చదునుగా పోతుంది, గుట్టలు అక్కడొకటి ఇక్కడొకటి. ఆదిలాబాద్‌లో భూమే వేరు. పడమటి భాగం చాలావరకు కోట్ల ఏళ్ల కింద లావా పొరలు పొరలుగా పారి గట్టిపడిన నల్లరాయి. అందుకే కొండల అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఘాట్ ఎక్కాక పైన మళ్లీ చదును, జొన్న చేలు, పత్తి చేలు. ఆ రాయి అరిగే నల్లరేగడి అయింది, ఆ రేగడి వల్లే అంత పత్తి. తూర్పుకు, ప్రాణహిత వైపు దిగితే ఇసుకరాయి మొదలవుతుంది. ఆ ఇసుకరాయి పొరల్లోనే వేమనపల్లి మండలం యామన్‌పల్లి దగ్గర రాక్షస బల్లి ఎముకలు దొరికాయి. కోటసారస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన అస్థిపంజరం అదే. మీ పిల్లలు దాన్ని చూసి ఉంటే, అది మనం వెళ్తున్న వైపుదే అని చెప్పండి, దారంతా ప్రశ్నలతో చంపేస్తారు.

ఇక ఊళ్ల పేర్లు. మీరు అడిగింది సిర్పూర్ గురించే అయినా ఇది ముఖ్యమైన విషయం. రెండు సిర్పూర్లు ఉన్నాయి, రెంటికీ మధ్య ఒక కొండల వరుస ఉంది. సిర్పూర్ (టి) కాగజ్‌నగర్ పక్కన, కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైల్వే లైన్ మీద. సిర్పూర్ (యు) కొండల మీద జైనూర్ దగ్గర. చలికాలం పేపర్లో 'రాష్ట్రంలో అత్యల్ప ఉష్ణోగ్రత' అని వచ్చేది ఈ రెండోదే, గిన్నెదరి, అర్లి (టి)తో పాటు. ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. ఫోన్‌లో ఊరి పేరు ఒక్కటే పెట్టి బయల్దేరితే పూట పోతుంది. మండలం పేరు కూడా కలిపి కొట్టండి. లింగాపూర్లూ అంతే, ఒకటి కాదు. పాత పత్రాలు చదివితే ఇంకో చిక్కు: ఆసిఫాబాద్‌ను ఒకప్పుడు జనగాం అనేవారు, అది మన జనగామ కాదు. కాగజ్‌నగర్ కూడా పేపర్ మిల్లు వచ్చాక పుట్టిన పేరే.

ఇవి పైపై పేర్లు. లోపలికి వెళ్తే పేర్లన్నీ నీళ్ల దగ్గరికే తీసుకెళ్తాయి. కలమడుగు, హస్తినమడుగు, సిరిచెల్మ, బాబేఝరి, సప్తగుండాలు, పెద్దవాగు. మడుగు అంటే ఎండాకాలంలో కూడా వాగులో నీళ్లు నిలిచే లోతు. ఝరి అంటే ఊట. గుండం అంటే రాతిలో నీళ్లు తొలిచిన గుంట. చెలమ మనకు తెలిసిందే, కానీ మీ పిల్లలు చూసి ఉండరు. జనవరి దాటాక వాగు పైకి ఎండిపోయి ఇసుక మిగులుతుంది. ఆడవాళ్లు వచ్చి మోచేతి లోతు గుంట తీస్తారు. అడుగున ముందు బురద నీళ్లు ఊరతాయి. వాటిని గిన్నెతో తోడి పారబోస్తారు. మళ్లీ ఊరతాయి, మళ్లీ పారబోస్తారు. కాసేపు అలా చేశాక ఇసుక అంచుల నుంచి సన్నగా తేట నీళ్లు దిగుతాయి. అప్పుడు మెల్లగా, అడుగు కదలకుండా చిప్పతో బిందెలోకి ఎత్తుకుంటారు. మర్నాడు పొద్దున్నే అదే చెలమ దగ్గరికి వెళ్తే చుట్టూ దుప్పుల గిట్టల గుర్తులు, అడవి పందుల గుర్తులు, నెమలి కాలి గుర్తులు ఉంటాయి. మా బడి పిల్లలకు ఆ గుర్తులన్నీ పుస్తకం కంటే ముందే వచ్చేవి. ఏది ఎప్పుడు వచ్చి పోయిందో ఇసుక తడి చూసి చెప్పేవారు. అక్టోబరులో చెలమలు ఉండవు, వాగులే పారుతుంటాయి. అయినా తడి ఇసుక మీద గుర్తులు చూపించడానికి అదే మంచి కాలం.

మనుషుల పేర్ల మీద కట్టిన గూడేలు కూడా చాలా ఉన్నాయి. గోండుల్లో ఊరు స్థాపించిన పటేల్ పేరే ఊరికి పడుతుంది. రికార్డులో ఒక పేరు, వాడుకలో ఇంకో పేరు ఉండటం మామూలే. దారి అడిగేటప్పుడు ముందు 'రాం రాం' అనండి, తర్వాత అడగండి. ఆ ఒక్క పలకరింపుతో మాట తీరే మారిపోతుంది. ఒకే బస్సులో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు వినిపించే చోటు అది.

జంతువుల సంగతికి వస్తాను. కవ్వాల్ అనేది జన్నారం మండలంలో ఒక ఊరు. ఆ పేరుతోనే అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్, అంటే రిజర్వ్ లోపలి ముఖ్య భాగం, సుమారు 893 చదరపు కిలోమీటర్లు. టేకు, వెదురు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవి. సఫారీలో మీకు దాదాపు ఖాయంగా కనిపించేవి చుక్కల దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు. అదృష్టం బాగుంటే మనుబోతు, కణుజు, అడవిదున్న. రేసుకుక్కలు గుంపుగా రోడ్డు దాటడం చూస్తే అది పులిని చూసినంత గొప్ప విషయం, పిల్లలకు అలాగే చెప్పండి. గుడ్డెలుగు పొద్దుపోయాకే తిరుగుతుంది, కనబడకపోవచ్చు. కానీ అది ఉన్న జాడ చూడొచ్చు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది కదా, దాని మీద మనిషి ఎత్తుకు పైన నిలువుగా గోళ్ల గీతలు ఉంటే అది తేనెపట్టు కోసం ఎక్కిందన్నమాట. కొత్త గీత అయితే లోపల ఎర్రగా ఉంటుంది, పాతదైతే నల్లబడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే కాలంలో తెల్లారకముందే ఎలుగులు ఆ చెట్ల కిందికి వస్తాయి, అదే వేళకు పూలు ఏరుకునే జనం కూడా వస్తారు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది అప్పుడే. అందుకే ఎండాకాలం తెల్లవారుజామున అడవి దారిలో నడక వద్దంటాను.

పులి ఎందుకు కనిపించదంటే, కవ్వాల్ కోర్‌లో అది స్థిరంగా ఉండటం అరుదు. వచ్చేవన్నీ మహారాష్ట్ర నుంచే, తడోబా పులుల అడవి వైపు నుంచి కొన్ని, పెన్‌గంగ నది దాటి తిప్పేశ్వర్ అభయారణ్యం వైపు నుంచి కొన్ని. అవి ఎక్కువగా కాగజ్‌నగర్ అడవుల్లో ఆగుతాయి. తడోబా నుంచి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి అక్కడే పిల్లల్ని పెట్టి పెంచింది. 2024 చివర్లో ఒక మగపులి తోడు వెతుక్కుంటూ మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి వచ్చి నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాల్లో వందల కిలోమీటర్లు తిరిగింది. అంటే పులికి ఈ కొండలు దారి. ఆ దారి తెగకుండా ఉంటేనే రేపు ఇల్లవుతుంది. రోడ్లు, కాలువలు, పోడు, రైల్వే లైన్ అన్నీ ఆ దారికి అడ్డమే. 2024లో కోర్ లోపలి మైసంపేట, రాంపూర్ గ్రామాల వాళ్లను కడెం మండలంలో కొత్త మద్దిపడగ దగ్గరికి తరలించారు. అడవికి అది మంచిదే అనుకుంటాను, కానీ వాళ్లకు ఇస్తామన్న భూమి, నీళ్లు మాట తప్పకుండా అందాలి. లేకపోతే మిగతా గూడేలు అడవి శాఖను ఎప్పటికీ నమ్మవు.

కాగజ్‌నగర్ వైపు పులి అంటే తమాషా కాదు. 2020 నవంబరులోనూ 2024 నవంబరులోనూ పులి దాడిలో మనుషులు చనిపోయారు. పత్తి ఏరే కాలం అది. చేనులో వంగి పని చేసే మనిషి పులికి నాలుగు కాళ్ల జంతువులా కనబడుతుందని చెప్తారు. 2024 ఘటన తర్వాత కూలీలకు తల వెనక పెట్టుకునే ముఖం మాస్కులు పంచారు. ఆ కూలి తల్లులు తలకు వెనక ఇంకో ముఖం కట్టుకుని గుంపులుగా చేనుకు పోవడం నేను చూశాను. కాబట్టి ఆ ఊళ్లలో 'పులి వచ్చిందా, ఎక్కడ చూడొచ్చు' అని ఉత్సాహంగా అడగకండి. వాళ్ల బాధ వేరు.

ఆ వైపు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది పులి గురించి కాదు, రాబందుల గురించి. పెంచికల్‌పేట మండలంలో పెద్దవాగు మీద పాలరాపు గుట్ట ఉంది. నిట్టనిలువు రాతి గోడ, దాని అరల్లో పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయి. 2013లో అక్కడ వీటిని గుర్తించారు. మన చిన్నప్పుడు పశువు చస్తే గంటలో వాలే రాబందులు ఎక్కడికి పోయాయంటే, పశువులకు నొప్పి మందుగా ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి మూత్రపిండాలను దెబ్బతీసింది. ఆ మందు పడిన కళేబరం తిన్న రాబందు రోజుల్లో చచ్చిపోతుంది. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి, మళ్లీ పెరగడానికి ఎంత కాలం పడుతుందో ఊహించండి. ఈసారి మీ మూడు రోజుల్లో అది కుదరదు, దారి కష్టం, అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. పిల్లలు కాస్త పెద్దయ్యాక, అక్కడ రాబందులు ఇంకా ఉన్నాయో లేదో కనుక్కుని, చలికాలంలో ప్రత్యేకంగా వెళ్లండి.

మీకు నేను చెప్పే దారి ఇది. కరీంనగర్, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట నుంచి జన్నారం. మొదటి రాత్రి అక్కడే, హరిత రిసార్ట్ ఉంది. మర్నాడు తెల్లవారుజామున సఫారీ. వానాకాలంలో సఫారీ సాధారణంగా మూసేస్తారు, మళ్లీ తెరిచారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. తర్వాత ఇంధన్‌పల్లి మీదుగా అడవి గుండా ఉట్నూర్. ఈ దారిలో హారన్ కొట్టకండి, కోతులకు బిస్కెట్లు వేయకండి. ఒక్క ప్యాకెట్‌కి అలవాటు పడ్డ కోతి రోడ్డు మీదికొచ్చి కారు కింద పడుతుంది. పగలే దాటేయండి.

రెండో రోజు ఉట్నూర్ నుంచి జైనూర్, కెరమెరి. నా ఉద్దేశంలో మొత్తం కొండల్లో అందమైన రోడ్డు ఇదే. జైనూర్ పక్కన మార్లవాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940ల్లో ఇక్కడ గోండుల మధ్య ఉండి పని చేశారు. ఆయనవీ, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌వీ సమాధులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. గోండుల గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిదీ ఈ ఊరే. 2024లో ఆయన పోయారు. అక్కడి నుంచి హట్టి మీదుగా లోపలికి వెళ్తే జోడేఘాట్, కొమురం భీం 1940లో నిజాం బలగాలతో పోరాడి నేలకొరిగిన చోటు. మ్యూజియం, విగ్రహం ఉన్నాయి. కానీ కాసేపు బయట నిలబడి చుట్టూ కొండల్ని చూడండి. పన్నెండు గూడేల వాళ్లు ఈ లోయల్లో ఎలా నిలబడగలిగారో నేలను చూస్తేనే అర్థమవుతుంది. కెరమెరి ఘాట్ మలుపుల్లో అమ్మగారికి కడుపులో తిప్పుతుందేమో, ముందు సీట్లో కూర్చోబెట్టండి. రాత్రికి ఉట్నూర్ తిరిగొచ్చేయండి.

మూడో రోజు ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసీల స్తూపం ఉంది, ఆగి నమస్కారం పెట్టి వెళ్లండి. దగ్గర్లోనే కేస్లాపూర్ నాగోబా గుడి. పుష్య అమావాస్య జాతరకు మెస్రం వంశం వాళ్లు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. మీరు కారులో వచ్చిన ఆ అడవుల గుండానే వాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారు, ఈ సంగతి పిల్లలకు అక్కడే చెప్పండి. తర్వాత హైవే ఎక్కి నేరడిగొండ, అక్కడి నుంచి కుంటాల.

కుంటాల దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: నీళ్లలోకి దిగొద్దు. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. కింద గుండాలు పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి, లోపల రాతి అరలు, సుడులు. సెల్ఫీకని దిగి ఎంతోమంది పోయారు. ఎండ కాస్తున్నా సరే, పైన బజార్‌హత్నూర్ కొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ వాగు ఎంత తొందరగా పొంగుతుందో తెలియాలంటే కడెం ప్రాజెక్టునే చూడండి. 2022 జులైలో, మళ్లీ 2023 జులైలో వరద గేట్ల మీది నుంచి పొర్లింది. మెట్లు వందల్లో ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే అమ్మగారు పైనుంచే చూడటం మంచిది. ఆవిడ నీళ్లను దగ్గరగా చూడాలంటే బోథ్ మండలంలో పొచ్చెర మేలు, ఎత్తు తక్కువ, నడక తక్కువ. అక్కడా లోతు ఎక్కువే, పిల్లల చెయ్యి వదలకండి.

తిరుగు దారిలో నిర్మల్‌లో బొమ్మలు కొంటారు ఎలాగూ. అవి పొణికి కర్రతో చేస్తారు, తేలికగా, మెత్తగా ఉండే కర్ర. అడవిలో ఆ చెట్టు తగ్గిపోయి కళాకారులు ఇబ్బంది పడుతున్నారు. బేరమాడకుండా కొనండి.

దీపావళికి ముందు రెండు వారాలు వెళ్లగలిగితే గూడేల్లో గోండుల దండారీ పండుగ నడుస్తుంటుంది. నెమలి ఈకల టోపీలు, ఒంటినిండా బూడిదతో గుస్సాడీలు ఊరూరా తిరుగుతారు. అది ప్రదర్శన కాదు, దీక్ష. ఆ రోజుల్లో వాళ్లు స్నానం కూడా చెయ్యరు. ఊరి పటేల్‌ను అడిగి పక్కన కూర్చుని చూడండి, ఆయన సరేనంటేనే ఫోటో తీయండి. పిల్లలు ముట్టుకోకుండా చూసుకోండి.

చిన్న విషయాలు: ఉట్నూర్ దాటితే నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ట్యాంక్ నింపుకోండి. సాయంత్రమయ్యేసరికి చలి, స్వెట్టర్లు ఉండాలి. దోమల మందు తప్పనిసరి, వానల తర్వాత అక్కడ మలేరియా, డెంగీ ఉంటాయి. తిరిగొచ్చాక కొన్ని వారాల దాకా ఎవరికైనా జ్వరం వస్తే డాక్టర్‌కు ఏజెన్సీకి వెళ్లొచ్చామని చెప్పండి.

మీరు వెళ్లే తేదీలు, ఎవరి కారు, అమ్మగారు ఎంత దూరం నడవగలరో రాస్తే, రెండో రోజు జోడేఘాట్ పెట్టుకోవాలా లేక మార్లవాయితో ఆపి తొందరగా తిరిగి రావాలా అన్నది చెప్తాను.